హరిత ద్రావణుల అసలు లెక్క

గోరింటాకు నూరి పెట్టుకుంటే అరచెయ్యి పండుతుంది. అదే ఆకు కాచిన నీళ్లలో పట్టు నూలు ముంచితే అదీ రంగు పట్టుకుంటుంది. రెండుచోట్లా పనిచేసే అణువు ఒకటే. దాని పేరు లాసోన్. ఎండిన ఆకులో అది దాదాపు ఒకటి రెండు శాతం దొరుకుతుంది. పచ్చి ఆకులో మాత్రం చక్కెరతో జతకట్టిన రూపంలో దాగి ఉంటుంది. ఆకు నలిగి, తడి తగిలి, నిమ్మరసంలాంటి కాస్త పులుపు తోడైతే విడివడి బయటికొస్తుంది. చర్మంలోని కెరటిన్‌నూ పట్టులోని ప్రోటీన్‌నూ ఒకే తీరున అంటిపెట్టుకుంటుంది. సౌందర్య సాధనానికీ వస్త్రానికీ ఇక్కడ మొక్క ఒకటే, అణువు ఒకటే, దాన్ని బయటికి తెచ్చిన ద్రవమూ ఒకటే, అది నీళ్లు. ఇవాళ ‘సహజ సారాలతో’ అని రాసి ఉన్న క్రీము డబ్బా మీద, ‘సహజ రంగులు’ అని చీటీ కట్టిన చీర మీద మొక్క పేరు తప్పకుండా కనిపిస్తుంది. ఆ మొక్కలోంచి సారాన్ని ఏ ద్రవంతో తీశారో మాత్రం కనిపించదు. సరుకు నిజంగా ఎంత శుభ్రమైనదో తేల్చే విషయాల్లో ఆ ద్రవం ముఖ్యమైనది. దాన్ని ద్రావణి అంటాం. పర్యావరణానికీ మనుషులకీ తక్కువ హాని చేసేవాటిని హరిత ద్రావణులు అంటున్నాం. ఈ పేరు ఏ ద్రావణికి ఇవ్వాలన్నది అది ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి కాక, పని ముగిశాక అది ఎక్కడికి చేరిందన్నదాన్ని బట్టి నిర్ణయించాలి.

మొక్క కణంలో నీటికి చేరువైన పదార్థాలు, నూనెకు చేరువైన పదార్థాలు పక్కపక్కనే ఉంటాయి. టానిన్లు, చక్కెరలు, పూరేకుల్లోని ఆంథోసయనిన్లు నీళ్లలోకి సులువుగా వస్తాయి. మైనాలు, సుగంధ తైలాలు, బంతిపూలకు పసుపునిచ్చే లూటిన్, జాఫ్రా గింజల మీది ఎర్రపొరలోని బిక్సిన్ నూనె స్వభావం ఉన్న ద్రవాలనే కోరుకుంటాయి. ఈ రెండో తరహా వాటి కోసం పరిశ్రమ గత శతాబ్దంలో హెక్సేన్‌ను ఎంచుకుంది. అది పెట్రోలియం నుంచి చవగ్గా వస్తుంది, 69 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, గింజలో నూనెను దాదాపు మిగల్చకుండా లాగేస్తుంది. మన వంటింటికి వచ్చే తవుడు నూనెలో చాలా భాగం హెక్సేన్‌తో తీసినదే. సరుకులో మిగిలే అవశేషానికి గట్టి పరిమితులున్నాయి. ఉదాహరణకు మసాలా దినుసుల చిక్కటి సారాలైన ఒలియోరెసిన్లలో హెక్సేన్ పది లక్షల పాళ్లకు 25 పాళ్లు మించకూడదని అమెరికా నిబంధన. కాబట్టి కొనేవారికి ముప్పు తక్కువే, అసలు ముప్పు పనిచేసేవారికి. హెక్సేన్ ఆవిరిని రోజూ పీలిస్తే అది ఒంట్లో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీస్తుంది. 1960, 70 దశకాల్లో జపాన్, ఇటలీ దేశాల్లో చెప్పుల తయారీలో జిగురు వాడిన కార్మికుల్లో ఈ జబ్బు బయటపడింది. దీనికి తోడు హెక్సేన్ ఆవిరి సున్నాకు 22 డిగ్రీలు దిగువన కూడా నిప్పంటుకోగలదు. అంటే ముఖానికి రాసుకునే సహజ సారం వెనుక ఎవరి నరాలో, ఎవరి ప్రాణాలో పణంగా ఉండవచ్చు.

1998లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ హరిత రసాయన శాస్త్రానికి పన్నెండు సూత్రాలు ప్రతిపాదించారు. అందులో ఐదోది ద్రావణుల గురించి. వీలైతే అసలు వాడకుండా ఉండాలి, తప్పనప్పుడు హాని లేనివి ఎంచుకోవాలి అన్నది దాని సారాంశం. అప్పటినుంచి పరిశోధనా పత్రాల్లో ఒక జాబితా స్థిరపడింది. నీళ్లు, చెరకు మడ్డి నుంచి వచ్చే ఇథనాల్, గ్లిజరిన్, ఒత్తిడిలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్, మొక్కల నుంచి చేసిన మరికొన్ని ద్రవాలు అందులో ఉన్నాయి. జాబితా మంచిదే. కానీ దాన్ని చూసి తీర్పులు చెప్పే అలవాటు మంచిది కాదు. నీళ్లు జాబితాలో మొదట ఉన్నాయి కాబట్టి నీటితో తీసిన ప్రతి సారమూ హరితమే అనుకుంటే పెద్ద పొరపాటు జరుగుతుంది.

ఎందుకో చెప్పడానికి మూడు అంకెలు చాలు. మరిగే స్థితికి వచ్చిన ఒక కిలో హెక్సేన్‌ను ఆవిరి చెయ్యడానికి దాదాపు 335 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో ఇథనాల్‌కు దాదాపు 840. కిలో నీళ్లకు దాదాపు 2,260, అంటే హెక్సేన్‌కు కావలసినదానికి ఆరు రెట్లకు పైగా. మొక్క సారాన్ని పొడిగా మార్చి డబ్బాల్లో అమ్మాలంటే ద్రావణినంతా ఆవిరి చేసి తీసేయాలి. నీటితో తీసిన పలచని సారాన్ని బొగ్గు బాయిలర్ మీద ఇగిరించి పొడి చేసే ఫ్యాక్టరీ పెట్రోలియం ద్రావణిని తప్పించింది కానీ అంతకంటే ఎక్కువ బొగ్గును తగలేసి ఉండవచ్చు. ఒక దశ ఆవిరి వేడిని తర్వాతి దశలో వాడుకునే ఏర్పాట్లు ఉన్నాయి, వాటితో ఖర్చు తగ్గుతుంది. అయినా దిశ మారదు. నీటిని తీసేయాల్సివస్తే నీరు ఖరీదైన ద్రావణి. తీసేయనక్కర్లేకపోతే అంతకన్నా మేలైనది మరొకటి లేదు. కాబట్టి ఏ ద్రావణి గురించైనా ముందు అడగాల్సింది, పని ముగిశాక అది సరుకులోనే ఉండిపోతుందా, లేక వేరుచేయాలా అని. ఈ ప్రశ్న సౌందర్య సాధనాలకు ఒక సమాధానం ఇస్తుంది, బట్టలకు మరొకటి.

ముందు సౌందర్య సాధనాల సంగతి. క్రీములో, లోషన్‌లో, షాంపూలో ఎలాగూ నీళ్లు, నూనెలు, గ్లిజరిన్ ఉంటాయి. గ్లిజరిన్ చర్మంలో తేమను పట్టి ఉంచుతుంది. సబ్బు తయారీలోనూ బయోడీజిల్ తయారీలోనూ ఉప ఉత్పత్తిగా దండిగా దొరుకుతుంది. గ్లిజరిన్, నీళ్లు కలిపిన ద్రవంలో ఆకుల్ని నానబెట్టి తీసిన సారాన్ని వడకట్టి నేరుగా క్రీములో కలపవచ్చు. ఆవిరి చేసే పని లేదు, అవశేషం అన్న మాటే లేదు, ఎందుకంటే ద్రావణి కూడా ఒక దినుసే. మొక్కజొన్న చక్కెరను పులియబెట్టి చేసే ప్రొపేన్‌డయోల్ కూడా ఇలాగే పనికొస్తుంది. ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. గుంటగలగర తైలం కాచే పద్ధతి ఇదే. ఆయుర్వేద గ్రంథాల్లో తైలపాకానికి సాధారణంగా చెప్పే కొలత ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, ద్రవం పదహారు పాళ్లు. నీళ్లు ముందు ఆకును మెత్తబరిచి సారాన్ని విడుదల చేస్తాయి. మరుగుతూ తగ్గేకొద్దీ నూనెలో కరగగలిగినవి నూనెలోకి చేరతాయి. ఆ నూనెను ఎవరూ ఆవిరి చెయ్యరు, తలకే రాసుకుంటారు. ఇక్కడ కూడా లెక్క తప్పించుకోలేం. పదహారు పాళ్ల ద్రవాన్ని ఇగిరించడానికి ఎంతో వంటచెరుకు కావాలి. అదే పనిని గోరువెచ్చని నూనెలో ఎండు ఆకును నానబెట్టి, అతిధ్వని తరంగాలతో కణాల్ని బద్దలుకొట్టి చేస్తే ఇంధనం మిగులుతుంది. సంప్రదాయం ద్రావణి ఎంపికలో సరైన దారి చూపింది. ఇంధనం పొదుపు చేసే పని మన కాలానిది.

సరుకులోనే ఉండిపోయే ద్రావణుల్లో ఇటీవల అందరి చూపూ పడినవి డీప్ యూటెక్టిక్ ద్రావణులు. 2003లో బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ అబ్బాట్ బృందం ఒక చిత్రమైన విషయాన్ని ప్రచురించింది. కోలిన్ క్లోరైడ్ 302 డిగ్రీల దగ్గర, యూరియా 133 డిగ్రీల దగ్గర కరుగుతాయి. అణువుల లెక్కన మొదటిది ఒక పాలు, రెండోది రెండు పాళ్లు కలిపితే ఆ మిశ్రమం 12 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. రెండు ఘనపదార్థాల అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని, విడివిడిగా స్ఫటికాలు కట్టకుండా అడ్డుకోవడమే కారణం. 2011లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు కూడా ఇలాంటి ద్రవాలనిస్తాయనీ, మొక్క కణాలే నీటికీ కొవ్వుకీ తోడుగా ఈ మూడో తరహా ద్రవాన్ని వాడుకుంటూ ఉండవచ్చనీ ప్రతిపాదించారు. నీళ్లలో సరిగా కరగని రుటిన్ అనే ఫ్లేవనాయిడ్ వీటిలో 50 నుంచి 100 రెట్లు ఎక్కువగా కరిగింది. తర్వాత అదే బృందం కుసుమ పూల రంగులను ఇవే ద్రవాలతో తీసి చూపింది. మొక్క తన సొంత పదార్థాలను ఏ వాతావరణంలో నిలవ ఉంచుకుంటుందో అదే వాతావరణంతో వాటిని బయటికి తీసుకోవడం నిజంగా అందమైన ఆలోచన.

అయితే ఈ ద్రవాలు ఆవిరి కావు. అది వాటి గుణం, అదే వాటి చిక్కు. గాలిలో కలవవు కాబట్టి కార్మికుడికి క్షేమం. కానీ వాటిని సారం నుంచి విడదీయడం కష్టం. అంటే అవి చర్మం మీదకి వెళ్లక తప్పదు. అప్పుడు అవి చర్మానికి అనుమతించినవి అయి ఉండాలి. పరిశోధనల్లో ఎక్కువగా వాడిన కోలిన్ క్లోరైడ్ యూరప్ సౌందర్య సాధనాల చట్టంలో నిషేధిత పదార్థాల పట్టికలో ఉంది. ప్రయోగశాలలో హరితమని రాసిన సారం అక్కడి దుకాణంలోకి అడుగే పెట్టలేదు. అందుకే ఇప్పుడు చక్కెర దుంపల నుంచి వచ్చే బీటైన్, గ్లిజరిన్ లాంటివి కలిపిన ద్రవాల వైపు తయారీదారులు మొగ్గుతున్నారు. ద్రావణి చివరి మజిలీని ముందుగా ఆలోచించకపోతే మంచి రసాయన శాస్త్రం కూడా పనికిరాకుండా పోతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ద్రావణిని తీసేయక తప్పనప్పుడు తేలిగ్గా వెళ్లిపోయేది కావాలి. ఆ పనికి కార్బన్ డయాక్సైడ్‌ది పెద్దపీట. 31 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి 73 రెట్ల ఒత్తిడి దాటితే అది వాయువూ కాదు, ద్రవమూ కాదు. వాయువులా సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా కరిగిస్తుంది. ఒత్తిడి తగ్గించగానే వాయువై వెళ్లిపోతుంది, సారం అడుగున మిగులుతుంది. ఆ వాయువును మళ్లీ పట్టి వాడుకోవచ్చు. కాఫీ గింజల నుంచి కెఫీన్ తీసే పరిశ్రమలో ఈ పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. మల్లె, గంధం లాంటి సువాసనలకు ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే తక్కువ వేడిలో పరిమళం చెడదు. కానీ దీని స్వభావం నూనెకు చేరువ. పసుపు కొమ్ముల మీద దీన్ని ప్రయోగిస్తే వాసననిచ్చే టర్మరోన్లు బాగా వస్తాయి, పసుపు రంగునిచ్చే కుర్కుమిన్ మాత్రం చాలావరకు కొమ్ములోనే ఉండిపోతుంది. దానికి ఇథనాల్ తోడివ్వాలి. అధిక పీడనాన్ని తట్టుకునే ఉక్కు పాత్రల ఖరీదు కూడా చిన్నది కాదు. విలువైన సుగంధానికి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, బట్టలకు వేసే రంగుకు గిట్టదు.

నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లకు వచ్చే పసుపు ఇంకో పాఠం కూడా చెబుతుంది. కుర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, ఇథనాల్‌లో బాగా కరుగుతుంది. ఇథనాల్‌ను మరిగించి, చల్లార్చి, మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి ఈ సారం తీయడం సబబైన హరిత ప్రక్రియే. కానీ ఆ రంగును నూలు బట్టకు వేస్తే ఎండకు వెలిసిపోతుంది, సబ్బులోని క్షారానికి ఎర్రబడుతుంది. నాలుగు ఉతుకులకు వెలిసి పక్కన పారేసే చొక్కా వెనుక పండించిన పొలం, పోసిన నీళ్లు, కాల్చిన ఇంధనం అన్నీ దండగే. సారం ఎంత శుభ్రంగా తీశామన్నదానితోపాటు అది ఎంతకాలం నిలుస్తుందన్నది కూడా హరితత్వపు లెక్కలోకి రావాలి. పసుపుకు చర్మ సంరక్షణలో, ఆహారంలో చోటుంది. బట్టల మీద స్థిరమైన పసుపు రంగుకు దానిమ్మ తొక్క, కరక్కాయ లాంటివే నమ్మదగినవి.

బట్టల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు తిరుగులేని ద్రావణి. దానికి కారణం నీళ్లు సహజమైనవి కావడం కాదు, సారం తీసే తొట్టే రంగు వేసే తొట్టి కావడం. కలంకారీని చూడండి. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. తర్వాత చిరివేరు వేసిన నీళ్లలో ఉడికిస్తారు. ఆ వేరులోని అలిజరిన్ నీళ్లలో చాలా కొద్దిగానే కరుగుతుంది. మామూలుగా చూస్తే ఈ పనికి నీళ్లు పనికిరాని ద్రావణి. కానీ కరిగిన ఆ కొద్దిపాటి అలిజరిన్‌ను గుడ్డ మీది పటికలోని అల్యూమినియం వెంటనే పట్టేసుకుని, కరగని ఎర్రటి సమ్మేళనంగా మార్చేస్తుంది. నీళ్లలో రంగు ఖాళీ అవుతుంది, వేరులోంచి ఇంకొంత కరుగుతుంది, మళ్లీ గుడ్డ పట్టేస్తుంది. బావి నుంచి తొట్టికి అదేపనిగా తిరిగే చిన్న చేదలా నీళ్లు పనిచేస్తాయి. చేద చిన్నదైనా తొట్టి నిండుతుంది. బలమైన ద్రావణితో రంగునంతా ముందే లాగి, ఆవిరి చేసి, పొడి కొట్టి, ఆ పొడిని మళ్లీ నీళ్లలో కలపడం ఈ పనికి చుట్టుతిరుగుడు. అందుకే సహజ రంగుల పొడులను దూరదేశాల నుంచి తెప్పించుకునే అద్దకం కన్నా, దగ్గర్లో దొరికే సరుకును ఉన్నచోటే ఉడికించే అద్దకమే నిజమైన హరిత అద్దకం.

నీలిమందు కథ ఇంకాస్త లోతైనది. నీలి ఆకుల్లో నీలం రంగు ఉండదు, ఇండికాన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. ఆకును నానబెడితే అది నీళ్లలోకి వచ్చి, చక్కెరను వదిలించుకుని, చిలికినప్పుడు గాలి తగిలి నీలమై అడుగున దిగుతుంది. ఆ నీలం ఇక నీళ్లలో కరగదు. బట్టకు ఎక్కాలంటే దానిలోని ఆక్సిజన్ ప్రభావాన్ని వెనక్కి తిప్పాలి. కర్మాగారాలు దీనికి సోడియం డైథయొనైట్ వాడతాయి. అది చివరికి సల్ఫేట్లుగా, సల్ఫైట్లుగా మారి మురుగునీటిలో చేరుతుంది. మన నీలి కుండల్లో బెల్లం, సున్నం, తగిరిస గింజలు వేసి పులియబెడతారు, అక్కడ ఆ పని బ్యాక్టీరియా చేస్తుంది. ఆకు నుంచి రంగు తీసింది నీళ్లే కాబట్టి అంతా హరితమే అనుకుంటే రెండో దశలోని ఈ తేడా కనిపించదు. సహజ నీలిమందును డైథయొనైట్‌తో వేసిన బట్టకూ, కుండలో పులియబెట్టి వేసిన బట్టకూ చీటీ మీద పేరు ఒకటే, వెనక వదిలిన మురుగు వేరు.

ఇక్కడే సహజ రంగుల మీద గట్టి విమర్శ ఎదురవుతుంది. రంగు మొక్కదైతే ఏం, దాన్ని బట్ట మీద నిలబెట్టే కాటులవణాలు లోహాలవే కదా అంటారు. ఇది నిజం. కాటులవణంగా క్రోమియం, రాగి వాడితే మొక్క రంగు పేరుతో విషాన్ని వాగులోకి వదిలినట్టే. కానీ విమర్శ అన్ని లోహాలకూ సమానంగా వర్తించదు. పటిక, ఇనుము వాటికన్నా చాలా మేలు, అవసరమైనంతే వాడితే వాటిలో ఎక్కువ భాగం బట్టలోనే ఉండిపోతుంది. కరక్కాయ టానిన్ నూలుకు లోహం పట్టేలా చేసి పటిక వాడకాన్ని తగ్గిస్తుంది. పుట్టపాక తేలియా రుమాళ్లలో నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో పదేపదే తడుపుతారు. బూడిదలోని క్షారం, నూనెలోని కొవ్వు ఆమ్లాలు కలిసి ఎరుపును నూలుకు అతికిస్తాయి. ఇండోనేషియా నేతగాళ్లు తమ నేలలోంచి అల్యూమినియంను ఆకుల్లో పోగుచేసుకునే సింప్లోకస్ చెట్టు రాలిన ఆకులనే పటికకు బదులు వాడతారు. మన లొద్దుగ చెట్టు ఆ జాతిదే. కాటులవణం సమస్యకు జవాబులున్నాయి. అవి చీటీ మీద ఉండవు, అద్దకం చేసేవాళ్ల చేతుల్లో ఉంటాయి.

రెండో అభ్యంతరం నేల గురించి. ప్రపంచంలో ఏటా దాదాపు రెండున్నర కోట్ల టన్నుల పత్తి నార పండుతుంది. కిలో నూలుకు పావు కిలో ఎండు సరుకు సరిపోతుందని ఉదారంగా లెక్కవేసినా, ఒక్క నూలు బట్టలకే అరవై లక్షల టన్నులకు పైగా రంగు మొక్కలు పండించాలి. తిండి పంటలు పండే నేలలో ఇది కుదరదు, కుదరకూడదు. పైగా ప్రపంచంలో తయారయ్యే నారల్లో సగానికి మించినది పాలిస్టర్, దానికి చాలా మొక్క రంగులు సరిగా పట్టవు. నెదర్లాండ్స్ సంస్థ డైకూ ఒత్తిడిలోని కార్బన్ డయాక్సైడ్‌తో చుక్క నీరు లేకుండా పాలిస్టర్‌కు రంగు వేసే యంత్రాలను తయారుచేసింది. అక్కడ ద్రావణి హరితం, రంగు కృత్రిమం. ఈ రెండూ వేర్వేరు విషయాలని గుర్తించడం మంచిది. కాబట్టి మొక్క సారాలు కృత్రిమ రంగులన్నిటినీ తోసేస్తాయని చెప్పడం అబద్ధం. 1869లో కృత్రిమ అలిజరిన్‌కు పేటెంట్లు వచ్చాక, 1897లో కృత్రిమ నీలిమందు మార్కెట్లోకి దిగాక ఆ పోటీ ముగిసింది. చెప్పదగిన మాట చిన్నది, కానీ గట్టిది. కొత్తగా పొలం దున్నకుండా, ఇప్పటికే పారేస్తున్నదాన్ని ముందు వాడుకోవాలి. పలాసలో జీడిపప్పు మీంచి తీసేసే ఎర్ర పొట్టులో టానిన్లు దండిగా ఉన్నాయి. ఉల్లి పొట్టులో క్వెర్సెటిన్ ఉంది. అనంతపురం దానిమ్మ తొక్క, గుళ్లలో వాడి తీసేసిన బంతిపూలు కూడా ఈ కోవలోవే. వీటిని నీళ్లలో ఉడికిస్తే బట్టకు రంగు, గ్లిజరిన్‌లో నానబెడితే క్రీముకు సారం, మిగిలిన పిప్పి ఎరువు.

మూడో అభ్యంతరం భద్రత గురించి. సహజమైనదంటే క్షేమమైనదని కాదు, ఆ మాట హరిత ద్రావణులు వాడేవాళ్లే ముందు ఒప్పుకోవాలి. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో పీపీడీ అనే కృత్రిమ రసాయనం కలుపుతారు, దానితో చర్మం బొబ్బలెక్కిన కేసులు వైద్యులకు బాగా తెలుసు. ఇది కల్తీ. కానీ కల్తీ లేని మొక్కలు కూడా కొందరికి పడవు. సారం అంటేనే చిక్కబరచడం. మంచితోపాటు దద్దుర్లు తెచ్చే పదార్థమూ చిక్కబడుతుంది. నూనె స్వభావం ఉన్న ద్రావణి పొలంలో చల్లిన పురుగుమందు అవశేషాలను కూడా లాగుతుంది, అది హెక్సేన్ అయినా కార్బన్ డయాక్సైడ్ అయినా ఒకటే. నీటి సారాలు త్వరగా బూజు పడతాయి, వాటికి నిలవ పదార్థం కలపక తప్పదు. ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అని గొప్ప చెప్పే నీటి సారం కన్నా, తగిన నిలవ పదార్థం ఉన్నదే సురక్షితం. అందువల్ల హరిత ద్రావణి భద్రతకు హామీ కాదు. ద్రావణి వల్ల వచ్చే ముప్పును మాత్రమే అది తగ్గిస్తుంది. మొక్క వల్ల వచ్చే ముప్పును పరీక్షలతోనే తేల్చాలి.

చివరి అభ్యంతరం ధర. హెక్సేన్ చవక, ఇథనాల్ మన దేశంలో రాష్ట్రాల ఎక్సైజ్ అనుమతులు లేకుండా చిన్న సంస్థలకు దొరకదు. హెక్సేన్ చవకలో కార్మికుల ఆరోగ్యం, గాలిలో కలిసిపోయే ఆవిరి లెక్కకు రాలేదన్నది నిజమే. అయినా లక్షల టన్నుల వంటనూనె తీసే చోట దాన్ని రేపటినుంచే ఆపేయమనడం ఆచరణ తెలియని మాట. అక్కడ మార్పు నెమ్మదిగా వస్తుంది. చెరకు పిప్పి, మొక్కజొన్న కంకుల నుంచి చేసే 2-మిథైల్‌ఆక్సోలేన్‌ను ఆహార పదార్థాల వెలికితీతకు యూరోపియన్ యూనియన్ 2023లో అనుమతించడం ఆ దిశలో ఒక అడుగు. సౌందర్య సాధనాల, చేనేత అద్దకాల సంగతి వేరు. ఇక్కడ పరిమాణం చిన్నది, విలువ ఎక్కువ, పైగా ద్రావణిని తీసేయనక్కర్లేని దారులు ఇప్పటికే ఉన్నాయి. మార్పు మొదలుపెట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు.

లేబుళ్లు ఈ పనికి సాయం చెయ్యడం లేదు. సౌందర్య సాధనాల్లో సహజత్వాన్ని లెక్కగట్టే ఐఎస్ఓ 16128 ప్రమాణం నీటిని కూడా సహజ పదార్థంగా లెక్కలోకి తీసుకోనిస్తుంది. ముప్పావు భాగం నీళ్లున్న లోషన్‌కు మిగతా దినుసులతో నిమిత్తం లేకుండా డెబ్బై అయిదు శాతం సహజత్వం వచ్చేస్తుంది. యూరప్‌లో పుట్టిన కాస్మోస్ ప్రమాణం ఇంకాస్త కఠినమైనది, సారం తీయడానికి నీళ్లు, మొక్కల ఇథనాల్, నూనెలు, కార్బన్ డయాక్సైడ్ లాంటివాటికే మొగ్గు చూపుతుంది. ద్రావణి పేరు రాయడం ప్రతి సహజ సారానికీ తప్పనిసరి చేస్తే తయారీదారులు దారికి వస్తారు. అప్పటిదాకా ఆ పని కొనేవాళ్లే చెయ్యాలి. ‘సహజం’ అన్న మాట కనిపించినప్పుడు అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. సారాన్ని దేనితో తీశారు? ఆ ద్రావణి సరుకులోనే ఉందా, తీసేశారా? బట్టైతే రంగును దేనితో నిలబెట్టారు? జవాబు చెప్పగలిగిన వాళ్ల దగ్గరే కొనండి.